ఒక్క మార్పూ రాలేదు

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఒక ఎండుచేపల గోదాముకు మేం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. అక్కడివాళ్లకు ఏం కావాలో ముందే కనుక్కుని రాసుకొచ్చే పని మారివిక్‌ది. పోయినసారి ఆమె రాసుకొచ్చాక ముప్పై ఒక్క మార్పులు అడిగారు.

"ఈసారి అయిదు దాటితే నీకిక్కడ పని ఉండదు," అన్నాను.

కొత్తది అక్కడ పెట్టి మూడు నెలలైంది. ఒక్క మార్పూ రాలేదు. నాకు నమ్మకం కుదరలేదు.

"నిజం చెప్పు, వాళ్లడిగినవి ఎక్కడ దాచావు?"

"అంత అనుమానమైతే మీరే వచ్చి చూడండి సార్." అంది మారివిక్.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. గోదాము చూసుకునే పాసిటా మమ్మల్ని చూసి కంగారుగా కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ లాగేసింది. పక్కనే పాత నోటుపుస్తకం, ఆ రోజు దిగిన బుట్టలన్నీ అందులోనే రాసి ఉన్నాయి.

"ఇది వాడట్లేదా పిన్నీ?"

"చేప ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది కదా బాబూ. అది దిద్దుకునే చోటే లేదు దీంట్లో."

మారివిక్ ముఖం పాలిపోయింది.

"మరి మార్చమని అడగలేదేం?" అన్నాను.

పాసిటా ఆమె వైపు చూసి నా చెవి దగ్గరికి వంగింది.

"అయిదు దాటితే ఈ పిల్ల ఉద్యోగం పోతుందట. ఒకటి అడిగితే ఇక ఆగదు. అందుకే మేమంతా ఒట్టేసుకున్నాం, ఒక్కటీ అడగొద్దని. ఆ మాట మీ పెద్దసారుకు మాత్రం చెప్పకు బాబూ."