మూడు మడతల కోటు

“‘నాకు భయమేస్తోంది’ అనాలంటే ఆ భాషలో ఏమంటారు మాస్టారూ?”

షిప్పు మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి ఆమె మొహంలోకి చూశారు. ముప్పై ఏళ్లు ఓడల్లో వంట చేసి, అందులో పన్నెండేళ్లు ఆ భాష మాట్లాడే దేశపు రేవులోనే గడిపిన మనిషి. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఈ దర్జీ కొట్టుకి వచ్చి, పాత ప్యాంట్ల నడుములు వదులు చేయించుకుంటూ, బదులుగా ఆమెకి పాఠం చెబుతున్నారు.

“నువ్వు నేర్చుకోవాల్సింది ‘భయపడకు’ అని కదమ్మాయ్. నిన్న ‘నాకు ఆకలేస్తోంది’ అడిగావు. మొన్న ‘లైటు తీసెయ్యొద్దు’ అడిగావు. పిల్ల అనాల్సినవన్నీ నువ్వే నేర్చుకుంటే ఎలా?”

“ముందు అవి చెప్పండి. ఎవరి నోటి నుంచి వచ్చినా అర్థం కావాలి కదండీ.”

ఆయన చెప్పారు. ఆమె నాలుగుసార్లు పలికి, కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీలో రాసుకుంది.

“బిడ్డకంటే ముందు బిడ్డ గొంతుతో మాట్లాడే తల్లిని నిన్నే చూశాను,” అన్నారాయన. ఆమె తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించింది.

ఆ వాక్యం నేర్వడం ఆమెకి పెద్ద కష్టం కాలేదు. నాలుగు నెలలుగా ఆమె మనసులో ఉన్నది అదొక్కటే. దత్తత ఫైలు మీద మూడు ముద్రలు పడాలి. రెండు పడ్డాయి. మూడోది సముద్రం అవతల ఏ ఆఫీసులో, ఏ బల్ల మీద కునుకు తీస్తోందో ఎవరికీ తెలియదు. నెలాఖరుకి పాపకి ఆరేళ్లు నిండుతాయి. నిండితే ఫైలు మూసేసి, పాపని పెద్దపిల్లల హాస్టల్లో పడేస్తారు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఎవరి ఫోను మోగినా ఆమె చేతిలో కుట్టు ఆగిపోతోంది.

ఆమె చేతిలో ఎర్ర ఉన్ని కోటు ఉంది. మాస్టారు దాని అంచు తిరగేసి చూశారు. లోపల మూడు మడతలు, మూడు రంగుల దారాలతో కుట్టి ఉన్నాయి.

“ఇవేంటి?”

“ఏడాదికొక మడత విప్పుకోవచ్చు. ముందు తెల్లదారం, తర్వాత పసుపు, చివర నీలం. కుట్టు రానివాళ్లయినా విప్పగలరు.”

“ఇంట్లోనే దర్జీ ఉండగా కుట్టు రానివాళ్ల గొడవెందుకూ?” ఆయన నవ్వారు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ముద్రే పడలేదు, మూడేళ్లకి సరిపడా కోటు కుట్టేశావు. అయినా టేపు పట్టగా చూడలేదు, కొలతలు ఎక్కడివి?”

“చేతికి తెలుసండీ,” అని ఆమె దారం పళ్లతో కొరికింది. నోట్లో దారం ఉంటే మిగతా ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు.

వెనక ఇస్త్రీ చేస్తున్న అక్క, ఈ కొట్టు ఆవిడదే, అందుకుంది. “మీరైనా చెప్పండి మాస్టారూ. ఎవరి బిడ్డో ఏమో, ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకుంది. ఆ ఫోను వచ్చినా ఏడుస్తుంది, రాకపోయినా ఏడుస్తుంది.”

“ఊరుకో అక్కా.”

“ఊరుకోను. అద్దంలో చూసుకున్నావా? మొహం పీక్కుపోయింది.”

పీక్కుపోక ఏం చేస్తుంది? పాపకి చీకటంటే భయం. మిక్సీ చప్పుడంటే భయం. ముందుగా చెప్పకుండా దువ్వెన పెడితే ఉలిక్కిపడుతుంది. కొత్త ఇల్లు, కొత్త గోడలు. పాప నిద్రలో లేచి, తనకొచ్చిన భాషలో ఏదో అడుగుతుంది. పక్కనున్న మనిషి అర్థం కాక తెల్లమొహం వేస్తుంది. అంతవరకూ తలుచుకునేసరికి సూది ఆమె వేలిలోకి దిగింది.

అప్పుడే ఫోను మోగింది.

అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, మోగుతున్న ఫోను వంక చూస్తూ ఉండిపోయింది.

“తియ్యమ్మాయ్,” అన్నారు మాస్టారు.

తీసింది. ఆఫీసు వాళ్లే. “మూడో ముద్ర పడిందండీ. ఎల్లుండి పొద్దున విమానం. ఈలోపు అన్నీ సిద్ధం చేసుకోండి.”

“సరేనండీ,” అంది. ఫోను పెట్టేసేసరికి కళ్లు నిండిపోయాయి.

“చూశావా, నేను చెప్పలేదూ?” మాస్టారి మొహం వెలిగిపోయింది. అక్క మాత్రం వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“ఇంత మంచి కబురు వింటే ఏడుపెందుకే, వెర్రిపిల్లా?” అన్నారు మాస్టారు.

“భయమేస్తోంది మాస్టారూ.”

“అదేదో ఆ భాషలో చెప్పు, వింటాను.”

చెప్పింది. ఒక్క తప్పూ పోలేదు. కళ్లు తుడుచుకుని, “ఇంకొక్క మాట మిగిలింది,” అంది. “‘అమ్మ’ని ఏమంటారు?”

ఆయన విస్తుపోయారు. “నాలుగు నెలలుగా ఆ మాటే అడగలేదా నువ్వు? ఎవరైనా మొట్టమొదట నేర్చుకునేది అదే కదా.”

“రోజూ అడుగుదామనే వచ్చేదాన్ని,” అంది.

ఆయన చెప్పారు. రెండక్షరాల మాట. ఎక్కడ జారిపోతుందోనని దారి పొడవునా దాన్నే వల్లెవేసుకుంటూ నడిచింది. ఇంటికొచ్చి, సంచిలోంచి కోటు తీసి, దత్తత కుదిరేదాకా తన దగ్గర ఉంచిన పాపకి తొడిగి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క గుండీ పెట్టింది. మెడ దగ్గర ఒకసారి సర్దింది. ఆ మాటని మెల్లగా మూడుసార్లు పలికింది. నాలుగోసారి పాపతో పలికించింది.

“ఇక అమ్మంటే నేను కాదు బంగారూ, విమానం దిగాక నిన్ను ఎత్తుకునే ఆవిడ.”