లోపలి గిన్నె

“గుండెజబ్బు వార్డులో ఉప్పు పెట్టమని ఎవరు చెప్పారయ్యా మీకు?”

పెద్ద నర్సు వంటగది గుమ్మంలో నిలబడి వేసిన కేకకి గరిటెలు ఆగిపోయాయి. ఆ వార్డువాళ్ళకి ఉప్పు తగలకూడదు. అలాంటిది రెండు రోజులుగా అందరికీ ఉప్పు వేసిన సూపే వెళ్తోంది. పొద్దున్న చూస్తే వార్డు వార్డంతా కాళ్ళు పొంగి కూర్చున్నారు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు, అదే పదివేలు.

వంటల పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు.

“నాకేం తెలుసమ్మా! తెర మీద ఏ పళ్ళేనికి ఏది కనిపిస్తే అది వడ్డించడమే మా పని. నా సొంత పెత్తనం ఏముంది ఇందులో?”

“ఆ మాటేదో సాయంత్రం పెద్ద డాక్టరుగారితో చెప్పుకో. నీ ఉద్యోగం ఉంటే గొప్పే.”

ఆ తెర మీద కనిపించేదంతా రాసిన మనిషి అక్కడే ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది. వంటగదిలో అందరూ ఆమెను కంప్యూటరమ్మ అంటారు. కేక విని పై అంతస్తు నుంచి పరుగెత్తుకొచ్చింది. తేలు కుట్టిన దొంగలా అలాగే నిలబడి, ఆనక మెల్లగా మెట్లెక్కింది. పెద్దాయనది ఇంకెక్కడా పని దొరకని వయసు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆ గుండెజబ్బు వార్డులోనే కిటికీ పక్క మంచం కంప్యూటరమ్మ వాళ్ళమ్మది. ఆవిడ పాదాలు ఊదిన బుడగల్లా ఉన్నాయి. ఎల్లుండి ఇంటికి పంపేస్తామన్న డాక్టరు, ఇప్పుడు ఇంకో వారం కదలడానికి వీల్లేదన్నాడట.

“ఏడుస్తావెందుకే పిచ్చిదానా! నాకేమైందిప్పుడు?” అంది అమ్మ. “పాపం ఆ వంటాయన్ని ఏమీ అనొద్దని చెప్పు. తప్పు నాదే. నోరు చప్పబడి చస్తున్నానేమో, సూపులో ఉప్పు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. చెప్తే ఎక్కడ మానిపించేస్తారో అని నోరు మూసుకుని తాగేశాను.”

కూతురు దుప్పటి లాగి ఆ పాదాలు కప్పింది.

“అయినా ఇంటికొస్తే మాత్రం? రాత్రంతా నిన్ను లేపుతూనే ఉంటాను. ఇక్కడైతే నర్సులు చూసుకుంటున్నారు. ఈ నాలుగు రోజుల్లో నీ మొహం కాస్త తేటపడింది, తెలుసా?”

ఆ మాట వినగానే ఆమె లేచింది. ఇంక అక్కడ కూర్చోలేకపోయింది. తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళింది. గురువుగారంటే ఆమెకు పని నేర్పిన పై ప్రోగ్రామరు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ప్రోగ్రామంతా చదివి, బల్ల మీద చేత్తో ఒక్కటేశాడు.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ప్రోగ్రాములో నమూనాగా ఒక పళ్ళెం పెట్టుకుని, దానికి నకళ్ళు తీసి ఒక్కొక్క రోగికీ ఇచ్చావు. అంతవరకూ బాగానే ఉంది. నకలు తీసింది పళ్ళెం ఒక్కదానికే కదమ్మా! లోపలి గిన్నెకి తియ్యలేదు. పళ్ళెం ఎవరిది వాళ్ళదే, గిన్నె మాత్రం వార్డంతటికీ ఒక్కటే. ఒకరి గిన్నెలో ఉప్పేస్తే అందరి గిన్నెల్లోనూ పడదూ? డీప్ కాపీ, డీప్ కాపీ అని చెవినిల్లు కట్టుకుని పోరానే! పళ్ళెం, అందులో గిన్నె, గిన్నెలో ఏముంటే అది, అట్టడుగు దాకా అన్నీ కొత్తగా తయారుకావాలి.”

“నేను ముట్టుకుంది ఒక్క నకలునేనండీ” అంది ఆమె.

“నేననేదీ అదే! సరిచూద్దామని ఒకదాంట్లో మార్చి ఉంటావు. అది కాస్తా ఊరంతటికీ పాకింది. ఇలాంటి చోట మహామహులే బోర్లాపడ్డారు, ఊరుకో.”

సాయంత్రం పెద్ద డాక్టరు గదిలో పెద్దాయన చేతులు కట్టుకుని మూల నిలబడ్డాడు. డాక్టరు నోరు విప్పకముందే ఆమె ముందుకొచ్చింది.

“ఆయన తప్పేం లేదు సార్. ఉప్పు నావల్లే వెళ్ళింది.”

మిగతాదంతా వెంట వచ్చిన గురువుగారు బొమ్మ గీసి మరీ చెప్పాడు. డాక్టరు మండిపడతాడనుకుంటే, కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చాడు.

“ఒక్కరి పళ్ళెంలోనే మారి ఉంటే ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు. అందరి కాళ్ళూ ఒకేసారి పొంగాయి కాబట్టి పట్టుకోగలిగాం. అందులోనూ మీ అమ్మగారు కూడా తిన్నారాయె. నీ బాధ నాకు అర్థమైందిలే అమ్మా. వెళ్ళి అది సరిచెయ్యి.”

బయటికి రాగానే పెద్దాయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“చల్లగా ఉండు తల్లీ! నలుగురిలో ఒప్పుకుని నా పొట్టకూడు నిలబెట్టావు. పొరపాటు ఎవరికి రాదు చెప్పు?”

ఆమె ఆయన మొహంలోకి చూడలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చేతులు విడిపించుకుని పైకి వెళ్ళి, గురువుగారు చెప్పినట్టే గిన్నెలకి కూడా విడివిడిగా నకళ్ళు తీయించింది. ఒక గిన్నెలో మార్చి చూసింది. పక్క గిన్నె చెక్కుచెదరలేదు.

పొరపాటన్నది మిగతావాళ్ళ గిన్నెల్లోనే జరిగింది. అమ్మ గిన్నెలో ఉప్పు మాత్రం, ఇంకో వారం ఆసుపత్రిలోనే ఉంటే తను కంటినిండా నిద్రపోవచ్చని, ఆమె కావాలనే వేసింది.