గులాబీరంగు చీటీ

రేపల్లె బడిలో నెలకోసారి తల్లుల సమావేశం జరిగేది. వచ్చినవాళ్లు మజ్జిగ తాగి గడియారం చూసుకునేవారే తప్ప పిల్లల గురించి నోరు విప్పేవారు కాదు.

ఈసారి నిర్మల టీచరు ఓ ఉపాయం వేసింది. పిల్లలతో పడుతున్న తంటా ఏదైనా సరే, పేరు లేకుండా చీటీ మీద రాసి అట్టపెట్టెలో వెయ్యమంది. అందరూ వేశాక వాటిలో ఒక్కటే ఉన్న గులాబీరంగు చీటీ తీసి, మడత విప్పి చదివింది.

"మా అమ్మాయి రెండు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. ఏం చెయ్యాలి?"

కేబుల్ కనెక్షన్ పీకించమన్నారొకరు. సున్నుండలు చేసి పెట్టమన్నారు ఇంకొకరు. తప్పంతా ఆ తల్లిదేనని నలుగురు తేల్చేశారు. బడి గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

"రోజూ నూనె రాసి జడ వెయ్యమనండి," అంది తహసీన్ అనే తల్లి. "దానికి మన మొహం కనపడదు కదా, అన్నీ అదే చెప్పుద్ది."

అందరూ వెళ్లాక ఆమె టీచరు దగ్గరికి వచ్చింది.

"ఆ గులాబీరంగు చీటీ నాదండి. సిగ్గేసి ఏమీ రాయకుండానే వేశాను."

నిర్మల చీటీని గుప్పిట్లో దాచుకుంది.

"పర్లేదు లెండి," అంది తహసీన్. "మీ అమ్మాయికి ఒక జడా, రెండు జడలా?"

"రెండు."

"అయితే ఇంకా మంచిదండి. బోలెడంత సేపు పట్టుద్ది."