చెదల చప్పుడు

కర్నూలు రాజధాని అయిన ఏడు, వేరుశనగ పీకి వామి వేసిన రాత్రి రామలింగప్ప చేలోనే కాపలా పడుకున్నాడు. అవతలి గట్టు మీది కొట్టంలో భార్య మద్దమ్మ చంటిబిడ్డతో ఒంటరిగా ఉంది.

నేలకు చెవి ఆనగానే సన్నగా గలగల వినిపించింది. చేలో తూర్పు నుంచి కొట్టం దాకా వరుసగా ఉన్న పుట్టల్లో చెదలు. పైన అడుగుల అదురు తగిలితే అవి తలలు మట్టికేసి కొట్టుకుని ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయని తండ్రి చెప్పేవాడు. కానీ తను కదలనేలేదు. లేచి చూస్తే వెన్నెల్లో చేను ఖాళీగా ఉంది.

మళ్లీ చెవి పెట్టాడు. తూర్పు పుట్టలో చప్పుడు ఆగి, నడిమి పుట్టలో మొదలైంది. ఏదో నడిచి వస్తోంది.

"ఎవరప్పా ఆడ?"

నేల మీద ఆన్చిన అరచేతికి అదురు తెలిసింది. అది అతని పక్కనుంచే పోయింది. ఒక్క ఎండుటాకు కూడా నలగలేదు. ఆ తర్వాత కొట్టం దగ్గరి పుట్ట గలగలమంది.

లేవబోయాడు. కాళ్లు మాట వినలేదు. "తలుపు తీయొద్దు మే!" అని అరవబోతే గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

కొట్టం తలుపు కిర్రుమంది. దీపం వెలుగు గట్టు మీద పడింది.

"అప్పుడే వచ్చినావా?" మద్దమ్మ గొంతు నిద్రమత్తులో ఉంది. "శానా చలిగా ఉండాది, లోపలికి రా. బిడ్డ ఇప్పుడే పండుకుండాది."

వెలుగు పోయింది. లోపలినుంచి గడియ పడింది.