తెల్లబూట్లాయన మీద ఫిర్యాదు

డాన్సులో మొదటి పాటకే వార్డెనమ్మ ఆయన కాలు గట్టిగా తొక్కేసింది.

"అయ్యో, మీ కాలు!"

"ఫర్వాలేదండీ, ఇంకోటుందిగా" అన్నాడు తెల్లబూట్లాయన.

ముప్ఫై నాలుగేళ్లు ఆడపిల్లల హాస్టల్ని గడగడలాడించిన మనిషి ఆవిడ. నవ్వితే పిల్లలు నెత్తికెక్కుతారని నవ్వడమే మానేసింది. పెళ్లి ఊసూ అలాగే మరుగున పడిపోయింది. అరవై ఒకటో ఏట, చెల్లెలి పోరు పడలేక దీవులు తిప్పే ఓడెక్కింది. అలాంటి మనిషి ఆ మాటకి పకపకా నవ్వేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంది.

చూసింది చెల్లెలే.

"అక్కా! నీకు పళ్లున్నాయన్నమాట!"

"నోర్ముయ్యవే."

ఆ సాయంత్రం ఆయన ఈవిడతో ఒక్క పాట ఆడి, మరో నలుగురు ఆడవాళ్లతో తలా ఒకటి ఆడాడు. మూడో రోజు నుంచి మాత్రం ఈవిడ పక్కనుంచి కదిలితే ఒట్టు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం డెక్కు మీద నీడలో పక్కపక్క కుర్చీలు, సాయంత్రం పాటలన్నీ ఈవిడతోనే.

ఐదో రోజు ఓడ ఒక దీవి దగ్గర ఆగింది. ఒడ్డంతా కొబ్బరిచెట్లు, వాటి సందుల్లో రేకుల కప్పులు, ఎండకి తళతళలాడే నీళ్లు.

"ఇది మా ఊరండీ వార్డెన్ గారూ. నేనిక్కడ దిగిపోతున్నా" అన్నాడాయన. "రెండు గదుల ఇల్లు. అడిగేవాళ్లు లేరు, అలిగేవాళ్లు లేరు. ఓడ ఐదింటికి కదులుతుంది. నాలుగింటికి మెట్ల దగ్గరుంటా. వచ్చి ఇల్లు చూడండి. నచ్చకపోతే ఓడ కూత వేసేలోపు నేనే తెచ్చి దింపుతా."

"నచ్చితే?"

"మీ పెట్టె మొయ్యడానికి వస్తా."

వార్డెనమ్మ గదిలోకెళ్లి మూడు జతల బట్టలు మార్చింది. పెట్టె సర్దింది. సిగ్గేసి సర్దినవన్నీ బయటికి తీసేసింది. మళ్లీ సర్దింది.

మూడున్నరకి చెల్లెలు రొప్పుతూ వచ్చింది.

"అక్కా, ముందు కూర్చో."

"ఏమైందే?"

"ఆయన ఓడవాళ్ల మనిషే! ఆఫీసు బయట బోర్డు మీద ఫొటో ఉంది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకి డాన్సులో జోడీగా ఓడవాళ్లే పెడతారట. జీతానికి ఆడతాడే! నిన్ను నవ్వించడం కూడా డ్యూటీయే!"

వార్డెనమ్మ నమ్మలేదు. స్వయంగా వెళ్లి చూసింది. అదే మొహం, అదే నవ్వు. కింద 'మా సిబ్బంది' అని ఇంతేసి అక్షరాలు. చెవులు వేడెక్కిపోయాయి.

నాలుగింటికి ఆయన మెట్ల దగ్గర పెట్టెతో నిలబడి ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు.

"వచ్చారా! రారేమోనని ప్రాణం గిలగిల్లాడిందండీ."

"ఒక్కటే అడుగుతా. డాన్సు ఉద్యోగమా మీది?"

ఆయన తడబడ్డాడు. "అవునండీ, కానీ..."

'కానీ' అనే మాట వార్డెనమ్మ దగ్గర చెల్లదు. హాస్టల్లో గేటు మూసాక వచ్చిన ప్రతి పిల్లా ఆ మాటతోనే మొదలుపెట్టేది. ముందు శిక్ష, తర్వాత సంజాయిషీ. అదీ ఆవిడ పద్ధతి. ఆ సంజాయిషీ వినే తీరిక మాత్రం ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారీ దొరకలేదు.

"నన్ను నవ్వించినందుకు విడిగా ఇస్తారా, జీతంలో కలిపేస్తారా?"

దిగుతున్న జనం తలలు తిప్పి చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఒక్క మాట చెప్పనివ్వరా?"

"దిగండి. వెనక జనం ఆగిపోయారు."

ఆయన దిగాడు. పెట్టె పక్కన పెట్టుకుని, ఎండలో, ఓడవైపే చూస్తూ నిలబడ్డాడు.

నాలుగు ఇరవై. నాలుగు నలభై.

"ఇంకా అక్కడే ఉన్నాడే" అంది చెల్లెలు, పైన కమ్మీ పట్టుకుని తొంగిచూస్తూ.

"ఉండనీ."

"మోసగాడైతే ఈపాటికి పోయుండేవాడు కదక్కా. పోనీ ఓసారి దిగి..."

"నోర్ముయ్యవే." అంటూనే తనూ ఒడ్డువైపు తొంగిచూసింది.

ఒకసారి మెట్ల మలుపుదాకా వెళ్లింది కూడా. కాళ్లు దిగుదామన్నాయి. బోర్డు మీద ఫొటో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఐదింటికి ఓడ కూత వేసింది. మెట్లు పైకి లాగేశారు. ఒడ్డుకీ ఓడకీ మధ్య నీళ్లు జానెడయ్యాయి, బారెడయ్యాయి. ఆయన చెయ్యి ఊపలేదు. వంగి పెట్టె అందుకున్నాడు.

వార్డెనమ్మ తిన్నగా ఆఫీసులోకి నడిచింది.

"ఫిర్యాదు ఇవ్వాలి. మీ సిబ్బంది మీద."

కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి తెల్ల కాగితం ఇచ్చింది. వార్డెనమ్మ గుండ్రటి అక్షరాలతో, కలం కాగితంలో దిగబడేలా రాసిచ్చింది.

అమ్మాయి చదివి, కాగితం వెనక్కిచ్చేసింది.

"ఇది చెల్లదు మేడమ్. ఆయన మా సిబ్బంది కాదు."

"మరి బోర్డు మీద ఫొటో?"

"తీయడం మర్చిపోయాం, ఏమనుకోకండి. ఒకే ఆవిడతో వరసగా రెండు పాటలు ఆడకూడదని మా రూలు. 'ఇకమీదట నేను ఒక్కరితోనే ఆడతాను, మీ రూలు నాకు కుదరదు' అని రాసిచ్చి రెండో రోజే ఉద్యోగం మానేసి, తన ఊరిదాకా మీలాగే టికెట్టు కొనుక్కున్నారు."