దక్షిణం గోడ

ఆ గోడ కంటబడితే చాలు, పెద్ద మేస్త్రి మొహం తిప్పుకునేవాడు.

గోడా అది? ఎర్ర రాయి పక్కన నల్ల రాయి, దాని నెత్తిన బూడిదరంగు రాయి. ఎండకు వెలిసిన ముఖం కొన్నిటికి బయటికి, కొన్నిటికి లోపలికి. చిరిగిన చొక్కాకు చేతికందిన గుడ్డముక్కలన్నీ అతికినట్టుంది. దాని ముందు నుంచి పోవాల్సి వస్తే పెద్ద మేస్త్రి ఒకసారి ఉమ్మేసి మరీ పోయేవాడు.

కొండవాలు మీది గొర్రెల కొట్టం అది. సున్నం లేదు, మట్టి లేదు, ఉత్త రాయి మీద రాయి. మిగతా మూడు గోడలూ నాన్న కట్టినవి. కింద ముదురు రంగుతో మొదలై పైకి పోయేకొద్దీ లేతబడతాయి. వాటి ముందు నిలబడితే పెద్ద మేస్త్రి గొంతు తనంతట తానే తగ్గిపోతుంది.

నాన్న పోయాక కొట్టం పాడుబడింది. పాత రాతి కట్టడాలను కాపాడే సంఘం వాళ్లు ఇప్పుడు దాన్ని చూడటానికి వస్తామన్నారు. నచ్చితే గుమ్మం పక్కన నాన్న పేరుతో ఫలకం పెడతారు. జీవితమంతా ఊళ్లవాళ్లకు గోడలు కట్టి, ఒక్కదాని మీదా పేరు చెక్కుకోని మనిషి ఆయన. ఆ పేరు కింద ఈ పుండు కనపడటానికి వీల్లేదని పెద్ద మేస్త్రి తీర్మానించుకున్నాడు. మొన్న ఫొటోలు తీయడానికి ఎవరో వస్తే, దాని మీద టార్పాలిన్ కప్పేశాడు.

ఆ పుండు పెద్ద మేస్త్రి తమ్ముడి ఘనకార్యం. అన్న దూరపు పనికి పోయి ఏడాదిపాటు ఇంటికి రాలేదు. ఆ వానలకు దక్షిణం గోడ కూలింది. తిరిగొచ్చేసరికి ఇది లేచి నిలబడి ఉంది.

"ఎవడ్రా కట్టింది?"

"నేనే" అన్నాడు తమ్ముడు.

అప్పటికి నాన్నకు చూపు పూర్తిగా పోయింది. పక్కనే ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు.

"నీకు కళ్లు లేకపోవడమే నయమైంది నాన్నా. ఈ దరిద్రం చూడక్కర్లేదు" అన్నాడు అన్న.

నాన్న గొంతు సవరించుకుని, ఇంటికి పోదాం పదండన్నాడు. లేస్తే చేతిలో కర్ర లేదు. కొనకు ఇత్తడి పొన్ను వేసిన పాత కర్ర, ఎక్కడో పోయిందట. "చూపులేని మనిషి కర్రనైనా కనిపెట్టుకుని ఉండలేవా?" అని దానికీ తమ్ముణ్ణే తిట్టి, అన్న కొత్తది కొని తెచ్చాడు.

తమ్ముడు కాంక్రీటు ఇళ్లకు ప్లాస్టరింగు చేస్తాడు. రాతిపని చేసిన ఇంట్లో పుట్టి తాపీ పట్టుకున్నాడని అన్నకు ఒళ్లుమంట. వాణ్ణి పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "సిమెంటు" అంటాడు.

సంఘం వాళ్లు వచ్చేలోగా గోడ కూల్చేద్దామని ఒక పొద్దున అన్న గడ్డపార భుజాన వేసుకుని వచ్చేసరికి, తమ్ముడు గోడకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"దీని జోలికి పోకన్నా. గట్టిగానే ఉంది కదా."

"గట్టిగా ఉంటే సరిపోయిందా? పందికీ ఒళ్లు గట్టిగానే ఉంటుంది."

"ఒక్కసారి చేత్తో తడిమి చూడు."

"పెంటను తడమమంటావా?"

"చెప్పనని మాటిచ్చాను కాబట్టి గానీ, లేకపోతే..."

"ఎవరికిచ్చావ్, సిమెంటు కంపెనీకా? తప్పుకో."

తమ్ముడు గోడ మీద అరచెయ్యి కాసేపు ఆన్చి ఉంచాడు. తర్వాత వెనక్కి చూడకుండా వాలు దిగి వెళ్లిపోయాడు.

వాళ్లింట్లో ఒక అలవాటుంది. గోడ పూర్తయ్యే రోజు, దాన్ని కట్టడానికి వాడిన పనిముట్టు ఒకటి గోడ నడుమ చిల్లరాళ్ల మధ్య వదిలేస్తారు. ఎవరి గోడలో వాళ్ల పనిముట్టు. మొన్న తూర్పు మూల సర్దుతుంటే పిడి విరిగిన నాన్న సుత్తి బయటపడింది. పెద్ద మేస్త్రి దాన్ని కళ్లకద్దుకుని ఎక్కడిదక్కడే పెట్టేశాడు.

దీంట్లో దొరికేది తాపీయే. రాతిగోడ కడుపులో తాపీ! దాన్ని పట్టుకెళ్లి తమ్ముడి గుమ్మంలో పారేసి రావాలని నిశ్చయించుకుని మొదటి పోటు వేశాడు.

గోడ అంత తేలిగ్గా లొంగలేదు. ఒక్క రాయీ ఊగదు. ప్రతి రాయీ కిందివాటి మీద కాళ్లు చాపుకుని కూర్చున్నట్టుంది. నాన్న ఏరి తెచ్చిన రాళ్లు కదా, వీడి చేతుల్లో పడ్డా బుద్ధి పోగొట్టుకోలేదు అనుకున్నాడు పెద్ద మేస్త్రి. వాడి చెయ్యి తగిలిన రాయి మళ్లీ వాడటానికి మనసొప్పలేదు. ఊడినదాన్ని ఊడినట్టే వాలు కిందికి దొర్లించాడు. కింద బండలకు తగిలి అవి పగులుతుంటే, చీడ వదిలినట్టు హాయిగా అనిపించింది.

మధ్యాహ్నానికి గోడ మోకాలెత్తుకు దిగింది. చిల్లరాళ్లను గడ్డపారతో కెలికి, లోపలికి చెయ్యి పెట్టాడు. కొయ్యపిడి లాంటిది తగిలింది.

"దొరికావురా సిమెంటూ" అని మొహం వికారంగా పెట్టి, బయటికి లాగాడు.

అది ఇత్తడి పొన్ను వేసిన నాన్న చేతికర్ర, రాళ్లు కొలుచుకోవడానికి దాని పొడవునా వేలికి తెలిసేలా గాట్లు కోసి ఉన్నాయి.