కొరికిన రొట్టె

“మూడే మూడు మాటలు. అనేసి వచ్చేస్తాను” అంది ముహయ్యో కారు దిగుతూ.

“ముప్పై నాలుగేళ్ళయింది. ఇంకా ఎందుకే?” అన్నాడు భర్త. కోకండ్ పొలిమేరలోకి వచ్చినప్పటి నుంచీ ఆయన టోపీని కళ్ళ మీదికి లాక్కునే ఉన్నాడు. సందు చివర మల్బరీ చెట్టు కింద బండి ఆపి, మోకాళ్ళ నొప్పులన్నాడు.

“అయితే ఇక్కడే కూర్చోండి. నేను మాత్రం దాని మొహం మాడిపోవడం చూడందే కదలను.”

ఇందాక వచ్చే దారిలో ఆమె చదివిన కాలేజీ కనిపించింది. గోడలకి కొత్త రంగు వేశారు గానీ హాస్టల్ మెట్లు అవే. ఆ మెట్ల మీద నుంచే నాన్న ఆమెను జడ పట్టుకుని కిందికి ఈడ్చాడు. అప్పటికి చివరి పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి. ‘మీ అమ్మాయి మగపిల్లలతో తిరుగుతోంది, తర్వాత మీ ఇష్టం’ అని ఎవరో ఆయనకు ఉత్తరం రాశారు. ఎవరో ఏమిటి, ఆ కోడిగీతలు ముహయ్యోకి తెలియవా? ఒకే గదిలో పడుకుని, ఒకే కంచంలో తిన్న ఖోసియత్ రాత అది.

చదువు పోయింది. పరువు పోయింది. నెల తిరక్కుండా తండ్రి వయసున్న రెండోపెళ్ళివాడికి కట్టబెట్టారు. వాడు పోయి, సొంతంగా రొట్టెల బట్టీ పెట్టుకుని, ఈయన తోడు దొరికాక గానీ ఆమె మళ్ళీ మనిషి కాలేదు.

నీలం తలుపు దబదబా బాదింది.

“ఎవరూ? ముహయ్యో! నువ్వేనటే!” ఖోసియత్ పిండి చేతులతోనే కావలించుకుంది. ఒకప్పుడు అద్దం వదలని మనిషి, ఎండుపుల్లలా ఉంది.

ముహయ్యో కొయ్యలా నిలబడింది. ఆ మూడు మాటలూ నాలుక చివర ఉన్నాయి.

“ఒక్కదానివే వచ్చావా? మీవారేరీ?”

“బండిలో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు.”

“ఇంత దూరం వచ్చిన మనిషిని వీధిలో కూర్చోబెడతావా? ఉండు, పిలుచుకొస్తా.”

“వద్దు!” ముహయ్యో ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆయనకి సిగ్గు.”

“ఈ వయసులో సిగ్గేమిటే, పెళ్ళికొడుకా!” అని నవ్వుతూ లోపలికి లాక్కెళ్ళింది. కొద్దికొద్దిగా మళ్ళీ మళ్ళీ పోయడమే అక్కడి మర్యాద గనక, పింగాణీ గిన్నెలో అడుగున కాస్తే టీ పోసి ఇచ్చింది.

అప్పుడు చూసింది ముహయ్యో, గోడ మీద మేకుకి వేలాడుతున్న రొట్టెను. దూరం వెళ్ళేవాడు గడప దాటేముందు ఒక్కసారి కొరికి వెళతాడు. తిరిగొచ్చి మిగతాది తినాలి. అందాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఈ రొట్టె ఎండి రాయిలా ఉంది.

“మా అమ్మాయి నొదిరా వాళ్ళ నాన్నది” అంది ఖోసియత్. “రష్యాకి కూలిపనికెళ్ళారు. పంతొమ్మిదేళ్ళు. మొదట్లో ఫోన్ చేసేవారు, తర్వాత అదీ లేదు. చూడు, కొరికిన చోట మధ్యలో వేలెడు ముక్క తెగలేదు. సైన్యంలో ముందు పన్ను ఊడిందిలే. బంగారు పన్ను పెట్టించుకోండీ అంటే, ‘నోటికో కిటికీ ఉండనీ’ అనేవారు.”

ముహయ్యో టీ గిన్నె కింద పెట్టేసింది.

“పోయుంటాడు, రొట్టె దించేసి ఆత్మశాంతికి ఫాతిహా చదివించు అంటారు అందరూ. నాకూ ఓపిక చచ్చిపోయిందే. ఈ శుక్రవారం దించేసి, ఇల్లు అమ్మేసి, తాష్కెంట్‌లో కూతురి దగ్గరికి పోదామనుకుంటున్నా.” ఉన్నట్టుండి ఖోసియత్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. “ఆ ఉత్తరం నేనే రాశానే. ఆయన కాలేజీ గేటు దగ్గర నిలబడేది నీకోసం. ఓర్వలేకపోయాను. నువ్వెళ్ళాక నన్ను చేసుకున్నారు. ఆ పాపమే నన్నిలా కట్టి కుడుపుతోంది. క్షమించానని ఒక్క మాట అనవే!”

ముహయ్యో చాలాసేపు ఆ రొట్టెనే చూసింది. ముప్పై నాలుగేళ్ళుగా సానబెట్టిన మూడు మాటల్నీ మింగేసింది. వంగి, ఖోసియత్‌ని లేపి, కళ్ళు తుడిచింది.

“క్షమించాను. కానీ ఆ రొట్టె మాత్రం దించకు.”

“ఏం?”

“ఆయన బతికే ఉన్నారు.”

“నీకెలా తెలుసే?”

“నా మనసు చెబుతోంది. అల్లా మీద ఒట్టు, బతికే ఉన్నారు. ఇల్లు అమ్మకు. వచ్చేసరికి తలుపు తీసేవాళ్ళు లేకపోతే ఎలా?”

ఖోసియత్ మొహం వెలిగిపోయింది. పంతొమ్మిదేళ్ళలో అంత గట్టిగా ఎవరూ చెప్పలేదట. శుక్రవారం మాట మళ్ళీ ఎత్తనని ముహయ్యో చేతిలో చెయ్యి వేసింది. వెళ్ళేటప్పుడు బట్టీలోంచి అప్పుడే తీసిన రొట్టెను గుడ్డలో చుట్టి ఇచ్చింది.

“మీవారికి ఇవ్వు. నా గుమ్మం దాకా వచ్చి ఖాళీ కడుపుతో పోకూడదు.”

కారు కదిలింది.

“అనేశావా?” అడిగాడు భర్త.

“లేదు.”

“మరి నీ కసి?”

“తీరింది. పోనివ్వండి.”

ఊరు దాటాక ఆకలేసి ఆయన గుడ్డ విప్పి, ఖోసియత్ ఇచ్చిన రొట్టె కొరికాడు. కొరికిన చోట, సరిగ్గా మధ్యలో, వేలెడు ముక్క తెగకుండా మిగిలింది.